నాలుగో వరుస పచ్చ చుక్కలు

ఎండకాలం 61వ రోజు. పొద్దున 38, మధ్యాహ్నం 52.

ఈ పుస్తకంలో సొంత సంగతులు రాయకూడదని మొదటి పేజీలోనే అచ్చేసి ఉంది. వేడి ఎంత, మేం గద్దలనే డ్రోన్లు ఎన్ని ఎగిరాయి, మందులూ సరుకుల డబ్బాలు ఎన్ని అందాయి, చివర చేవ్రాలు. ఏడు నెలలుగా అంతకుమించి ఒక్క ముక్క రాయలేదు. ఇవాళా అంతే రాసి మూసేద్దామనుకున్నాను.

గద్దలు 214. అందినవి 213. అందని ఆ ఒక్కటీ రెండో వరుసలో ఒక పెద్దాయనది. డబ్బా దిగే పైకప్పు మూత మీద వడియాలు ఆరబెట్టుకున్నాడట, కదిలిస్తే విరిగిపోతాయని వాటిని తియ్యనన్నాడు. దింపే చోటు లేక గద్ద కాసేపు గిరగిరా తిరిగి డబ్బాతోనే వెనక్కి వచ్చేసింది. ఫోన్ చేసి అడిగితే, ఎండ గంటల్లో తప్ప వడియాలు ఎప్పుడు ఎండుతాయి అని నన్నే దబాయించాడు. నిజమే మరి. మనుషులు బయట తిరిగే వేళ గద్దలు ఎగరకూడదు, గద్దలు ఎగిరే వేళ మనుషులు గడప దాటకూడదు. పది నుంచి ఐదు దాకా ఆకాశం వాటిది, ఇల్లు మనది.

సాయంత్రం మా అధికారి జక్రయ్య గారు చల్లగదిలోకి వచ్చి నా బల్ల దగ్గర నిలబడ్డారు.

"నాంచారమ్మా, ఒక సంగతి గమనించావా? మిగతా వరుసల నుంచి నెలకు నాలుగైదు ఫిర్యాదులు వస్తాయి. నాలుగో వరుస నుంచి ఏడు నెలల్లో ఒక్కటి లేదు. అక్కడ గుర్తులు ఎలా పెట్టావో మనవాళ్లకు ఒకసారి చెప్పకూడదూ?"

నవ్వాను. నవ్వి, మంచినీళ్లు తాగి, బాత్‌రూముకు వెళ్లి పది నిమిషాలు అక్కడే కూర్చున్నాను.

ఎలా పెట్టానో చెప్పాలట.

62వ రోజు. పొద్దున 39, మధ్యాహ్నం 53.

గద్దలు 209. అన్నీ అందాయి.

ఇవాళ కొత్తగా కట్టిన మూడు ఇళ్లు పటంలోకి ఎక్కించాను. అక్కడికి నడిచే మనిషి ఇంకా వెళ్లలేదు కాబట్టి పసుపు చుక్కలు పెట్టాను. వీధి ఈ కొస ఇక్కడ, ఆ కొస అక్కడ అని చెబితే, నంబర్లను బట్టి మధ్య ఇళ్లు ఎక్కడెక్కడ ఉండొచ్చో యంత్రం లెక్కగట్టి చుక్కలు పరుస్తుంది. ఆ లెక్క ఒక్కోసారి రెండు బారల తేడాతో సరిపోతుంది, ఒక్కోసారి వీధిలో సగం దూరం తప్పుతుంది. అందుకే ఆ చుక్కలకు పసుపు రంగు. పసుపు చూస్తే గద్ద నమ్మదు. పైన ఆగి, ఇంటివాళ్ల ఫోన్ మోగిస్తుంది. వాళ్లు పైకప్పు కంతలోంచి కర్రకు కట్టిన ఎర్రగుడ్డ ఊపితే ఆ గుడ్డను చూసి దిగుతుంది. నాలుగు నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే.

పచ్చ చుక్క అలా కాదు. మనిషి ఆ ఇంటి గడపలో చోటు కొలిచే కోల పట్టుకుని రెండు నిమిషాలు కదలకుండా నిలబడి పెట్టిన గుర్తు అది. అడుగు, రెండడుగుల తేడా కూడా రాదు. పచ్చ చూస్తే గద్ద ఎవరినీ ఏమీ అడగదు. డబ్బా దింపి వెళ్లిపోతుంది.

నాలుగో వరుసలో నలభై ఎనిమిది ఇళ్లు. నలభై ఎనిమిదీ పచ్చే. వాటిలో ఒక్క గడపలోనూ నేను నిలబడలేదు.

ఇదిగో, రాసేశాను. చేతికి ఏమీ కాలేదు.

నాలుగో వరుస మా ఉప్పులంక వాళ్లది. సముద్రం ఊరిని తీసుకుపోయినప్పుడు మావాళ్లు బీరువాలు వదిలేశారు, మంచాలు వదిలేశారు గానీ గుమ్మానికి కొట్టిన నంబరు రేకులు మాత్రం ఊడబీకి పట్టుకొచ్చారు. ఇక్కడ, మెట్టపేటలో, ఇళ్లు చీటీలు తీసి ఇచ్చారు. కొత్త నంబర్లు ఇస్తామంటే ఒక్కరూ ఒప్పుకోలేదు. ఊరు ఎటూ పోయింది, నంబరు కూడా పోవాలా అన్నారు. అందుకే 4-9 పక్కన 4-112, దాని పక్కన 4-31 ఉంటాయి. వరుసా వావీ లేని నంబర్లు. ఈ సంగతి యంత్రానికి తెలియదు. నాకు తెలుసు. ఆ రేకుల్లో ఒకటి మా అమ్మ చీరకొంగులో చుట్టి తెచ్చింది. అమ్మ ఇప్పుడు లేదు, నేను ఉండేది ఉద్యోగుల గదుల్లో.

మరి ఎందుకు నడవలేదు? మిగతా మూడు వరుసలూ ఎండలో పడి నడిచిందాన్ని, నావాళ్ల వరుస ఎందుకు నడవలేదు?

నావాళ్లు కాబట్టే. ఒక్కో గడపలో రెండు నిమిషాలు నిలబడితే ఊరుకుంటారా. మజ్జిగ తాగాలి, కూతురి కాన్పు సంగతి వినాలి, మేనల్లుడికి పని చూడమంటే చూస్తాననాలి. ఇంటికో గంట వేసుకున్నా పది రోజులు పడుతుంది. నెలాఖరుకి ఎవరి వాడ ముందు పూర్తయితే వాళ్లకే ఈ చల్లగదిలో కుర్చీ. నాకప్పటికి మూడు రోజులే ఉన్నాయి. వరుస రెండు కొసలూ కొలిచాను, చిన్న నంబరు మూడు, పెద్ద నంబరు నూట ముప్పై ఒకటి అని చెప్పాను. మధ్యవన్నీ యంత్రం సర్దింది. పసుపుగా వచ్చిన చుక్కల్ని కూర్చుని ఒక్కొక్కటే పచ్చ చేశాను. ఏదైనా తేడా వస్తే మనవాళ్లే కదా, ఏమీ అనుకోరులే అనుకున్నాను.

63వ రోజు, గురువారం. పొద్దున 39, మధ్యాహ్నం 53.

గద్దలు 216. అన్నీ అందాయి.

మధ్యాహ్నం మంగక్క ఫోన్ చేసింది. సైకం మంగతాయారు, 4-112. ఉప్పులంకలో మా పక్కిల్లు. పెళ్లి చేసుకోలేదు, తమ్ముడు పోలయ్యను పెంచి పెద్ద చేసింది. పోలయ్యకు పదేళ్ల వయసు నుంచీ షుగరు. ఇన్సులిన్ వారానికోసారి గద్ద మీద వస్తుంది.

"ఏం చేత్తన్నావే పిల్లా?"

"డ్యూటీలో ఉన్నా మంగక్కా. చెప్పు."

"చెప్పడానికేముంది. మన వరుసలో ఆ ఒడుగు ఇంటిపేరు వాళ్లు రేపు పెళ్లికి పోతన్నారు. నాలుగు రోజుల దాకా రారంట. ఇంటికి తాళం ఏత్తన్నారు."

"వెళ్లనీ, పెళ్లికేగా."

"అవునులే, పెళ్లికే. తమ్ముడి మందు శనివారం గదే వచ్చేది?"

"శనివారమే. పన్నెండింటికి."

"పన్నెండింటికే గదా. సర్లే. నువ్వు తిన్నావా?"

తిన్నానన్నాను. మా ఇంటికొచ్చి ఏడు నెలలయింది, ఓసారి రామ్మా అంది. వస్తానన్నాను. పెట్టేసింది.

మంగక్క ఊరికే ఫోన్ చేసే మనిషి కాదు. ఒడుగు వాళ్ల పెళ్లి ప్రయాణం నాకెందుకు చెప్పినట్టు? పటం తెరిచి 4-112 చుక్క ఎవరి ఇంటి మీద ఉందో చూస్తే తెలిసిపోయేది. తెలిసిపోతుందనే తెరవలేదు.

65వ రోజు, శనివారం. పొద్దున 40, మధ్యాహ్నం 54.

గద్దలు 211. అందినవి 211 అని తెర మీద ఉంది. 4-112 డబ్బా కూడా పన్నెండు గంటల నాలుగు నిమిషాలకు అందినట్టే ఉంది. పచ్చ చుక్క మీద దిగితే అందినట్టే లెక్క.

ఒంటిగంటకు ఐదు నిమిషాలు తక్కువకి నాలుగో వరుస కూత మోగింది. ఎండ గంటల్లో కూత మోగితే ఎవరో బయట పడిపోయారని అర్థం. వైద్యశాల బండి వెళ్లింది. నేను తెర వంకే చూస్తూ కూర్చున్నాను. పడింది ఎవరో పక్క బల్ల మనిషి అడిగి చెప్పింది.

మంగక్క.

66వ రోజు. పొద్దున 40, మధ్యాహ్నం 53.

గద్దలు 190.

జక్రయ్య గారు పొద్దున్నే నన్ను పక్కకు పిలిచారు. మంచి మనిషి, ఎవరి మీదా గొంతు పెంచరు. పటం తెరిచి చూపించారు. మంగక్క ఇల్లు వరుసలో ఇరవై ఆరోది. చుక్క నలభై ఒకటో ఇంటి మీద ఉంది. అది ఒడుగు వాళ్ల ఇల్లు. పదిహేను ఇళ్ల తేడా, తొంభై మీటర్లు.

"గుర్తు పక్కకు జరిగింది. ఎలా జరిగిందో నేనడగను. పైకప్పు మరమ్మతు చేసినప్పుడు జరిగిందని కారణం గడిలో రాసి, ఈ ఒక్కటీ సరిదిద్దు. మెట్టపేట మొత్తం పచ్చ అని పైవాళ్లకు రాసి పంపాం. వచ్చే ఏడాది గద్దలు రెండింతలు ఇస్తామన్నారు. ఆ గద్దల వల్ల ఎంతమందికి మేలో ఆలోచించు."

"మిగతా ఇళ్లండీ?"

"మిగతావి ఏమయ్యాయమ్మా? ఫిర్యాదు లేదుగా."

సరిదిద్దాను. పైకప్పు మరమ్మతు వల్ల గుర్తు జరిగినది, అని రాశాను. ఆ ఇంటి పైకప్పుకి ఏ మరమ్మతూ జరగలేదు. మొదటి అబద్ధం తొందరలో చెప్పాను. ఇది మాత్రం చల్లగా కూర్చుని, దస్తూరీ చూసుకుంటూ రాశాను. ఛీ.

67వ రోజు. పొద్దున 39, మధ్యాహ్నం 52.

గద్దలు 205.

సాయంత్రం వైద్యశాలకు వెళ్లాను. మంగక్కకు స్పృహ లేదు. ఒళ్లంతా తడిగుడ్డలు కప్పారు. అరికాళ్లు బొబ్బలెక్కి ఉన్నాయి. గుమ్మం బయట బల్ల మీద పోలయ్య కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి చోటిచ్చాడు. తిడతాడనుకుని వెళ్లాను. తిడితే బాగుండేది.

"మందు బానే ఉందక్కా," అన్నాడు. "చల్లదనం పోలేదు. నిచ్చెన ఎక్కి డబ్బా దింపుకుని, వచ్చేటప్పుడు పడిపోయింది. తలకి కప్పుకున్న తడిగోనె తీసి డబ్బాకి చుట్టింది. నలభై నిమిషాలు బండల మీద పడుంది. తలుపులన్నీ మూసి ఉంటయ్ గదా, ఎవరూ చూళ్ళేదు. నేనా, నిద్రపోతన్నాను."

"ఇదివరకు ఎలా తెచ్చుకునేవాళ్లు?" అని అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను.

"గోడ కిటికీల్లోంచి అక్కా."

మా వరుసలో ఇళ్లన్నీ గోడకు గోడ కలిసి ఉంటాయి. ఎండ గంటల్లో కూర గిన్నెలు ఇచ్చిపుచ్చుకోవడానికి మావాళ్లు ఉమ్మడి గోడల్లో జానెడు కిటికీలు పెట్టుకున్నారు. డబ్బా ఎవరి పైకప్పు మీద దిగితే వాళ్లు మూత తీసి లోపలికి లాక్కుంటారు. దాని మీది నంబరు చూసి పక్కింటికి అందిస్తారు. అలా చెయ్యీ చెయ్యీ మారి అసలు ఇంటికి చేరుతుంది. పోలయ్య మందు పదిహేను కిటికీలు దాటి వచ్చేది. ఏడు నెలలుగా రోజూ ప్రతి డబ్బా ఇలాగే తిరుగుతోంది. గద్ద చప్పుడు వినపడగానే ఆడవాళ్లు వంట ఆపి కిటికీల దగ్గర నిలబడేవాళ్లట. ఒడుగు వాళ్లు తాళం వేసుకుని వెళ్లేసరికి ఆ ఇంటి మూత లోపల్నుంచి తీసేవాళ్లు లేకపోయారు. ఐదు దాకా ఎండలో ఉంటే మందు పనికిరాదు. పెళ్లివాళ్లను ఆగమని ఎలా చెబుతారు.

"నాకు ఒక్కమాట చెప్పకపోయారా?" అన్నాను. ఎంత సిగ్గులేని ప్రశ్నో నోట్లోంచి వచ్చాక తెలిసింది.

"చెప్తే నీ కుర్చీ పోద్దని అక్కే వద్దంది. మన లంక నుంచి చల్లగదిలో కూర్చుంది నువ్వొక్కదానివే అంట. కాగితం మీద పెట్టమాకండి, మన పిల్ల, తనే చూసుకుంటది అని ఇంటింటికీ తిరిగి చెప్పింది. మొన్న నీకు ఫోన్ చేత్తానంటే, అయితే తిన్నగా చెప్పు అన్నాను. చెప్పిందా?"

"చెప్పింది," అన్నాను. "నేనే వినలేదు."

వాడు క్యాంటీన్ నుంచి టీ తెచ్చి నాకొకటి ఇచ్చాడు. వాడికి షుగరు, చక్కెర లేని టీ తాగుతాడు. నాకు మాత్రం చక్కెర వేయించి తెచ్చాడు.

69వ రోజు. పొద్దున 38, మధ్యాహ్నం 52.

గద్దలు 212. అన్నీ అందాయి.

మంగక్క తెల్లవారుజామున పోయింది.

71వ రోజు. పొద్దున 39, మధ్యాహ్నం 53.

గద్దలు 208.

రెండు రోజులుగా చూపంతా కారణం గడి మీదే ఉంది. లెక్క తప్పడం తప్పు కాదు. అంచనా ఎవరికైనా తప్పుతుంది, గద్దకు కూడా ఆ సంగతి తెలుసు. అందుకే పసుపు అనే రంగు ఒకటి పెట్టారు. నేను అంచనాను అంచనా అని ఒప్పుకుని ఉంటే, శనివారం గద్ద ఆగేది, ఫోన్ మోగించేది, మంగక్క ఎర్రగుడ్డ ఊపేది. వీధి లెక్క ఆమెను చంపలేదు. దాని మీద నేను వేసిన రంగు చంపింది.

పదిన్నరకు మొదలుపెట్టాను. 4-3, పచ్చ నుంచి పసుపు. కారణం: ఈ గడపలో నేను నిలబడలేదు. ఇక్కడ నిలబడినట్టు అబద్ధం రాశాను. వ. నాంచారమ్మ. తర్వాత 4-9. అదే కారణం. ఒకేసారి అన్నీ మార్చే మీట ఉంది, నొక్కలేదు. నలభై ఎనిమిదిసార్లు చేత్తో రాశాను. 4-112 దగ్గరికి వచ్చాక మొన్నటి మరమ్మతు అబద్ధాన్ని కొట్టేసి అది కూడా రాశాను.

సగంలో ఉండగా, పచ్చ చుక్కలు నూటికెన్నో చూపే గోడ మీది బోర్డు మారడం మొదలైంది. తొంభై తొమ్మిది, తొంభై ఏడు, తొంభై నాలుగు. జక్రయ్య గారు పరుగున వచ్చారు. నా తెర చూశారు. ఆ కారణం గడి రెండుసార్లు చదివారు.

"ఇది పైకి వెళుతుందమ్మా. నేను ఆపలేను."

"ఆపొద్దండీ."

"ఈ కుర్చీ ఉండదు."

"తెలుసండీ."

"పోయినవారం నేను కూడా ఎలా జరిగిందో అడగనన్నాను," అన్నారు చివరికి. ఆయన ముక్క ఆయన రాసుకుంటారో లేదో నాకు తెలియదు. నేను నా నలభై ఎనిమిదీ పూర్తి చేశాను.

72వ రోజు. పొద్దున 39, మధ్యాహ్నం 52.

గద్దలు 197. నాలుగో వరుసలో ఒక్కో డబ్బాకు నాలుగు నిమిషాలు ఎక్కువ పట్టింది. తెర మీద చూస్తుండగా పైకప్పు కంతల్లోంచి ఎర్రగుడ్డలు ఒక్కొక్కటే లేచాయి. ఎవరిదో ఎర్ర లంగా. ఎవరిదో పిల్లాడి నిక్కరు. నవ్వు వచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. ఏ డబ్బా దారి తప్పలేదు.

పైవాళ్ల ఉత్తరం వచ్చింది. ఎల్లుండి నుంచి మళ్లీ నడక. ఇంత తక్కువతో వదిలేస్తారనుకోలేదు. ఇంకా ఏమైనా వేస్తారేమోనని ఉత్తరం రెండోవైపు కూడా తిప్పి చూశాను.

74వ రోజు, సోమవారం. పొద్దున 38.

మధ్యాహ్నం వేడి ఎంతో నాకు తెలియదు, అది ఇప్పుడు ఇంకొకరు రాసుకోవాల్సిన సంగతి. ఈ పుస్తకం రాత్రి జక్రయ్య గారి బల్ల మీద పెట్టేస్తాను. అందులో సొంత సంగతులు ఉన్నాయని ఆయనకు ముందే చెప్పాను. ఇది ఆఖరి పేజీ.

తెల్లవారి ఐదింటికే కోల పట్టుకుని నాలుగో వరుసకు వెళ్లాను. మొదటి ఇంటి గడపలో నిలబడ్డాను. రెండు నిమిషాలు. ఇంటావిడ తలుపు తీసి చూసి, ఏమీ అనకుండా లోపలికి వెళ్లి మజ్జిగ గ్లాసుతో వచ్చింది. తాగాను. ఏ ఇంట్లోనూ ఎవరూ మాట్లాడించలేదు. కాన్పు సంగతులు లేవు, మేనల్లుళ్ల సంగతులు లేవు. ప్రతి ఇంట్లోనూ మజ్జిగ మాత్రం ఇచ్చారు. ఇన్నాళ్లూ దేన్ని తప్పించుకున్నానో దానికోసం మొహం వాచిపోయి నిలబడ్డాను.

పక్క గోడల్లో ఆ కిటికీలు చూశాను. జానెడు చోటు. చేతులు రాసుకుని రాసుకుని అంచుల సున్నం పోయి నున్నగా ఉన్నాయి.

ఇరవై ఆరో ఇంటికి వచ్చేసరికి ఎనిమిది దాటింది. గుమ్మం మీద 4-112 రేకు, ఒక మూల తుప్పు. పోలయ్య తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. గడపలో కోల ఆనించి నిలబడ్డాను. రెండు నిమిషాలయ్యాక కోల మామూలుగా అడిగేదే అడిగింది.

"సైకం మంగతాయారు గారి గడప ఇదేనా?"

పేరు ఇంకా ఎవరూ మార్చలేదు. గుర్తు పెట్టే మనిషే జవాబు చెప్పాలి. పోలయ్య నా వైపే చూస్తున్నాడు.

"ఇదే," అన్నాను.

కోల చిన్నగా మోగింది. పచ్చ వెలుగు వచ్చింది. నేను కోల తీసి భుజాన వేసుకున్నాను.

"అయిపోయిందా అక్కా?" అన్నాడు పోలయ్య.

"అయిపోయింది."

వాడు గడప వంక చూశాడు, నా వంక చూశాడు.

"ఇంతసేపేనా పట్టేది?"

"ఇంతసేపే," అన్నాను.